వీధిలో నిలబడి తీసిన ఫోటో

అహ్మదాబాద్‌లో ఒక సదస్సుకి వెళ్ళినప్పుడు, అది అయిపోయాక ఇంకో రెండు రోజులు ఉండి పాత నగరమంతా తిరిగాను. ఇంటికొచ్చాక ఆ ఫోటోలు ఒక స్నేహితురాలికి చూపించాను. రెండువందల పైచిలుకు ఉన్నాయి. చెక్కడాలున్న చెక్క స్తంభాలు, పక్షులకి గింజలు వెయ్యడానికి వీధి మధ్యలో కట్టిన చబూత్రాలు, తీన్ దర్వాజా, సీదీ సయ్యద్ మసీదులో చెట్టుకొమ్మల్లా అల్లుకుపోయిన రాతి జాలీ. ఆమె ఓపిగ్గా అన్నీ చూసి, "బాగున్నాయి గానీ, వీటిని పరిగెత్తుతూ తీశావా ఏమిటే?" అంది.

అప్పటికి నవ్వేశాను. రాత్రి ఒక్కదాన్నీ కూచుని మళ్ళీ చూసుకుంటే ఆమె అన్నది నిజమే అనిపించింది. సగం కట్టడాలు ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. దర్వాజాల పైభాగాలు తెగిపోయాయి. కొన్నిట్లో ఆటో కడ్డీ అడ్డం వచ్చింది. నిటారుగా, తీరుబడిగా కుదిరినవి ఏవీ అంటే ప్రాకారం లోపల తీసినవి, మసీదు ఆవరణల్లో తీసినవి. వీధిలో తీసినది ఒక్కటీ కుదురుగా లేదు. ఫోన్ ఎత్తడం, నొక్కడం, నడిచిపోవడం. ఆ రెండు రోజుల్లో నన్నెవరూ ఏమీ అనలేదు. అనకముందే కదిలిపోవడం నాకు పదో ఏటినుంచీ అలవాటు.

నగరాల ఫోటోల గురించి విమర్శ రాసేవాళ్ళు వెలుగు గురించి, కోణం గురించి, కూర్పు గురించి చాలా రాస్తారు. ఆ కూర్పు కుదరాలంటే ఎవరో ఒకరు నడివీధిలో, కదలకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా కొంతసేపు నిలబడి ఉండాలి. ఆ నిలబడగలగడం ఎవరికి చిక్కింది, ఎవరికి చిక్కలేదు అన్న ప్రశ్న కళకి బయటి విషయంగా ఉండిపోయింది. అది బయటి విషయం కాదనే నేను చెప్పదలుచుకున్నది.

1838లో పారిస్‌లో డగేర్ తన కిటికీలోంచి కిందనున్న బులవార్ ద్యు టాంప్ల్ అనే వీధిని ఫోటో తీశాడు. మనిషి కనిపించే తొలి ఫోటోగా దీన్ని చెబుతుంటారు. ఆ రోజుల్లో పలక మీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టేది. వీధి నిండా బళ్ళూ జనమూ ఉన్నా, కదులుతున్నవేవీ పలక మీద నిలవలేదు. వీధి మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. ఒక్క మూల మాత్రం, కాలు పైకెత్తి పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒక మనిషి నిలిచాడు. అతని కాళ్ళ దగ్గర వంగి పనిచేస్తున్నవాడు మసక మసగ్గా మిగిలాడు. నిలబడే తీరుబడి ఉన్నవాడు స్పష్టంగా, చేతులాడుతున్నవాడు అస్పష్టంగా! నగరపు తొలి ఫోటోల్లోనే వర్గం ఇలా దిగిపోయింది. మరి ఆ వీధిలో ఆడవాళ్ళు లేరా? ఉండే ఉంటారు. నడుస్తూ ఉండి ఉంటారు.

కదలకుండా నిలబడి నగరాన్ని చూసిన స్త్రీ ఎవరని వెతుక్కుంటే నాకు మొదట తట్టే పేరు బెరెనిస్ అబ్బాట్ (1898-1991). అమెరికాలోని ఒహాయోలో పుట్టి, 1921లో పారిస్ చేరి, మాన్ రే స్టూడియోలో సహాయకురాలిగా పని నేర్చుకుని, తర్వాత సొంతంగా స్టూడియో పెట్టుకుంది. అక్కడే యూజీన్ అట్జే అనే ముసలాయన పరిచయమయ్యాడు. దశాబ్దాలపాటు పారిస్ పాత వీధుల్నీ, అంగళ్ళనీ, మెట్లనీ తీసినవాడు. 1927లో ఆయన పోయాక ఆయన దగ్గర మిగిలిన నెగెటివ్‌లనీ ప్రింట్లనీ కొని, 1968లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం తీసుకునేదాకా వాటిని కాపాడింది అబ్బాటే. ఆమె గురించి రాసేవాళ్ళు కొందరు అంతటితో ఆగిపోతారు. ఒక గొప్ప మగవాడి పనిని భద్రపరిచిన స్త్రీ! మనకి బాగా తెలిసిన కిరీటమే ఇది.

1929లో ఆమె కొద్దిరోజుల పనిమీద న్యూయార్క్ వచ్చింది. తను ఎనిమిదేళ్ళ కిందట వదిలి వెళ్ళిన ఊరు పాత ఇళ్ళు కూలగొట్టుకుంటూ ఆకాశానికి లేస్తోంది. ఆ మార్పుని తియ్యాలని పారిస్ వదులుకుని వచ్చేసింది. డబ్బు లేక ఆరేళ్ళు అవస్థపడ్డాక, 1935లో ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ కింద జీతమూ సహాయకులూ దొరికారు. 1939 వరకు మూడువందలకి పైగా ఫోటోలు తీసింది. అదే 'చేంజింగ్ న్యూయార్క్'.

బావరీ అనే వీధి ఆ రోజుల్లో పని లేని, ఇల్లు లేని మగవాళ్ళతో నిండి ఉండేది. మంచి పిల్లలెవరూ అక్కడికి వెళ్ళరని పైవాడొకడు అంటే, తాను మంచి పిల్లని కాననీ ఫోటోగ్రాఫర్‌ననీ ఆమె జవాబు చెప్పిందని ప్రతివాళ్ళూ రాస్తారు. ఆ జవాబు నాకూ నచ్చుతుంది. దాని అడుగున ఉన్న బేరం మాత్రం గుచ్చుకుంటుంది. వీధిలో నిలబడాలంటే మంచితనాన్ని ఇంటి దగ్గర వదిలేసి రావాలా? మగ ఫోటోగ్రాఫర్ ఎవడైనా ఏదైనా వదిలేసి వచ్చాడా?

ఆమె వాడిన కెమెరా కూడా చేతిలో ఇమిడేది కాదు. ఎనిమిది అంగుళాలకి పది అంగుళాల నెగెటివ్ పట్టే పెద్ద పెట్టె. దాన్ని ముక్కాలి స్టాండు మీద నిలిపి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని సరిచూసుకోవాలి. గుడ్డలో తలదూర్చిన మనిషికి ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపిస్తుంది. వెనక ఎవరు నిలబడ్డారో, ఎవరు దగ్గరికొస్తున్నారో తెలియదు. వీధికి వీపు అప్పగించడమంటే ఏమిటో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1935లో బావరీలో తీసిన 'బ్లాసమ్ రెస్టారెంట్' ఫోటో చూడండి. కొట్టు ముందరంతా భోజనాల ధరలు రాసిన పలకలు, పక్కన మంగలి దుకాణపు చారల స్తంభం, అక్షరాలతో కిక్కిరిసిపోయిన గోడ. ప్రతి ధరా చదువుకోవచ్చు. ఆ స్పష్టత కటకానిది మాత్రమే కాదు, ఆ వీధికి వీపు తిప్పి నిలబడ్డ మనిషిది కూడా.

ఆమె ఫోటోల్లో అందరూ ఎత్తి చూపేది 'నైట్‌వ్యూ'ని. 1932లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పై అంతస్తు కిటికీలోంచి తీసినది. చలికాలంలో పొద్దు త్వరగా వాలి, ఇంకా ఆఫీసులు మూయకముందు దీపాలన్నీ వెలిగే కొద్ది వ్యవధిని లెక్క కట్టుకుని, పదిహేను నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చింది. అది గొప్ప ఫోటోయే. నాకు మాత్రం బావరీ ఫోటోలే పెద్దవి. కిటికీలోంచి ఊరిని చూడటం మనకి తరాలుగా తెలిసిన విద్య. డగేర్ చూసిందీ కిటికీలోంచే. వీధిలోకి దిగి, వీధి మట్టాన నిలబడి చూడటమే ఇంకా నేర్చుకోవలసి ఉంది.

ఈ పుస్తకం వెనక ఇంకో స్త్రీ ఉంది. ఎలిజబెత్ మెకాస్‌లాండ్, కళావిమర్శకురాలు, అబ్బాట్ జీవిత సహచరి. 1939లో పుస్తకం వచ్చినప్పుడు ఫోటోల కింది రాత ఆమెదే. ఆ ఏడాది న్యూయార్క్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. వచ్చే యాత్రికుల చేతిలో పెట్టడానికి ప్రచురణకర్తకి గైడు కావాలి. అందుకని ఆమె రాసినదాన్ని చాలావరకు పక్కన పెట్టించి, ఏ కట్టడం ఎప్పుడు కట్టారో చెప్పే పొడి వివరాలుగా మార్పించారు. బొమ్మలు ఉన్నాయి, వాటి మాట పోయింది. నగరాన్ని తీసిన స్త్రీ పని మిగలడం ఒక ఎత్తు, అది ఏమంటోందో మిగలడం ఇంకో ఎత్తు.

ఫోటో కింద రాత ఎందుకు కావాలో నాకు అహ్మదాబాద్‌లోనే తెలిసొచ్చింది. అసార్వా ప్రాంతంలో ఒక దిగుడుబావి ఉంది. 15వ శతాబ్ది చివర్లో కట్టినది. ఐదంతస్తుల లోతుకి మెట్లు దిగుతాయి, అడుగున ఎనిమిది పలకల బావి. నేను తీసిన ఫోటోలన్నిట్లోకీ ఇవే కుదిరాయి. కారణం ఇప్పుడు మీకు తెలుసు, అది వీధి కాదు. కట్టించింది బాయి హరీర్, సుల్తాన్ మహమూద్ బేగడా అంతఃపురంలో పెత్తనం చేసిన స్త్రీ. అక్కడి శాసనం, 3,29,000 మహమూదీలు ఖర్చయిందని లెక్కతో సహా చెబుతుంది. జనం నోట మాత్రం అది 'దాదా హరీర్' బావి అయింది. ఆ పేరు చదివినవాళ్ళు ఎవరో తాతగారు కట్టించాడనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మెట్లు దిగాను. స్తంభాల మీద పడే వెలుగునీ, అంతస్తులనీ నా ఫోటోలు చక్కగా పట్టుకున్నాయి. కట్టించిన మనిషిని గానీ, కడవలతో ఆ మెట్లు దిగి ఎక్కిన ఆడవాళ్ళని గానీ పట్టుకోలేదు. కట్టడాన్ని 'శుభ్రంగా', మనుషులు లేకుండా తియ్యాలనే రుచి మనకి ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించుకోవాలి.

మన హైదరాబాద్ సంగతికి వద్దాం. ఆరో నిజాం కాలంలో నగరాన్ని ఫోటోల్లో నిలిపిన లాలా దీన్‌దయాళ్ (1844-1905) పేరు అందరికీ తెలుసు. రాజప్రాసాదాలూ, చార్మినార్ వీధులూ, ఊరేగింపులూ ఆయన తీసినవే. ఆ నగరంలోని స్త్రీలు ఎక్కడున్నారు? ఆయనే 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడల మధ్య, మగ కన్ను పడకుండా, పరదా పాటించే స్త్రీలకి ఫోటోలు తియ్యడానికి. దాన్ని నడిపింది శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ. అంటే నగరం ఫోటో తియ్యడం మగవాడి పని, గది లోపల స్త్రీని తియ్యడం స్త్రీ పని. ఒకే సంస్థలో పని ఇంత స్పష్టంగా పంచుకున్నారు. ఆ గోడ ఇటు వైపు ఉన్నవాళ్ళకి తమ ఊరి ఫోటో తియ్యాలని ఎప్పుడైనా అనిపించిందా? ఆ ప్రశ్న అడగడానికి కావలసిన చోటే ఆ ఏర్పాటులో లేదు.

తర్వాత తరంలో హోమాయ్ వ్యారావాలా (1913-2012) బొంబాయి వీధుల్లోకి కెమెరాతో వచ్చింది. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా ఈనాడు గౌరవించుకుంటున్నాం. ఆమె తొలి ఫోటోలు అచ్చయింది మాత్రం భర్త మానెక్‌షా పేరు మీద. వీధిలో నిలబడింది ఆమె, పేరు నిలబడింది ఆయనది.

ఇవన్నీ పెద్దవాళ్ళ కథలు అనుకోనక్కర్లేదు. మీ ఇంట్లో పాత ఆల్బమ్ తెరవండి. మా ఇంట్లో మా అమ్మ ప్రతి ఫోటోలోనూ ఉంది. గోల్కొండ ముందు, మీనాక్షి గుడి గోపురం ముందు, తాజ్‌మహల్ ముందు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతిలో సంచీతో, ఎండకి కళ్ళు చికిలించుకుని. ఒక్క ఫోటో కూడా ఆమె తీసింది కాదు. కెమెరా నాన్న మెడలో ఉండేది. గోపురం ఎంత ఎత్తో తెలియడానికి అమ్మ కొలబద్దలా నిలబడేది. ఆ ప్రయాణాల్లో ఆమె ఏం చూసిందో చెప్పే సాక్ష్యం మా దగ్గర లేదు.

చూసింది చెప్పాలనే తపన మన ఆడవాళ్ళకి లేకపోలేదు. పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్ళివచ్చి రాసిన పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. దాని పేరు 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'. కెమెరా చేతికి రాని కాలంలో తన పుస్తకానికి బొమ్మలు అని పేరు పెట్టుకుందామె! కాశీయాత్ర చరిత్ర గురించి, ఏనుగుల వీరాస్వామి గురించి మనం చెప్పుకున్నంతగా ఈమె గురించి చెప్పుకోలేదు.

సూసన్ సాంటాగ్ 1977లో వచ్చిన 'ఆన్ ఫోటోగ్రఫీ'లో యాత్రికుల మీద గట్టి విమర్శే చేసింది. పనికి అలవాటుపడ్డ సమాజాలవాళ్ళకి సెలవుల్లో ఊరికే ఉండటం కంగారు పుట్టిస్తుందనీ, కెమెరా వాళ్ళకి పనిలాంటిది ఒకటి కల్పిస్తుందనీ, అనుభవించడానికి బదులు ఫోటో తీసుకుని ముందుకి పోతారనీ ఆమె వాదన. చాలావరకు నిజం. కానీ ఆమె యాత్రికుడు నిలబడగలిగినవాడు. ఆగి చూడగలిగి కూడా చూడనివాడు. ఊరికే నిలబడితే చాలు ఎవరికోసమని అడిగే వీధుల్లో పెరిగినవాళ్ళకి కెమెరా అనుభవానికి అడ్డం కాదు, ఆగడానికి దొరికిన సాకు.

ముంబై స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. బహిరంగ స్థలంలో స్త్రీ ఏదో పని మీద ఉన్నట్టు కనిపిస్తూ ఉండాలి. చేతిలో సంచీ, చెవి దగ్గర ఫోను, నడకలో తొందర. పని లేకుండా ఊరికే తిరిగే హక్కుని వాళ్ళు అడిగారు. ఇది చదివాక నా ఫోటోలు వేరేగా అర్థమయ్యాయి. కెమెరా పేరుతో ఆగడానికి సాకు అయితే దొరికింది గానీ, ఆ సాకు మీద నాకే నమ్మకం లేదు. అందుకే కట్టడాలు ఒరిగిపోయాయి. వాటిని సాంకేతిక లోపాలనుకుంటే దిద్దుకోవచ్చు, ఈనాటి ఫోన్లు ఒక్క నొక్కుతో నిలువు గీతలన్నీ సరిచేసి పెడతాయి. నేను దిద్దలేదు. ఆ ఒరుగుదల కట్టడానిది కాదు, వీధిది. దాన్ని చదవడం విమర్శకి చేతకావాలి.

ఇక్కడితో ఆపితే నాకు సౌకర్యంగా ఉంటుంది. కానీ కెమెరా పట్టుకున్న స్త్రీ ఎప్పుడూ బాధితురాలేనా? పరాయి ఊళ్ళో, వెళ్ళివచ్చే డబ్బులుండి, చేతిలో ఖరీదైన ఫోనుతో, ఆ ఊరివాళ్ళ గుమ్మాలవైపు చూసే చదువుకున్న స్త్రీకి ఒక అధికారం ఉంది. వీధిలో నిలబడే హక్కు అడుగుతూనే, వీధిని బొమ్మగా మార్చేసే హక్కు కూడా చడీచప్పుడు లేకుండా తీసేసుకుంటాం. బండి మీద పళ్ళమ్మే ఆమె, వీధి ఊడ్చే ఆమె మనకి 'నగర దృశ్యం' అయిపోతారు. వాళ్ళు రోజంతా వీధిలోనే నిలబడి ఉంటారు, వాళ్ళ నిలబడటం హక్కు గురించి కాదు, పొట్ట గురించి. వాళ్ళ కులమూ వాళ్ళ కూలీ ఫోటోలో రంగులుగా మారిపోతాయి.

రెండో రోజు సాయంత్రం ఒక పోళ్‌లోకి వెళ్ళాను. పోళ్ అంటే ఒకే ద్వారం ఉన్న ఇరుకు సందుల పేట. 2017లో అహ్మదాబాద్‌ని ప్రపంచ వారసత్వ నగరంగా యునెస్కో గుర్తించడానికి ఈ పోళ్‌లూ, వీటిలోని చెక్క ఇళ్ళూ ముఖ్య కారణం. ఇంటి ముందు ఓట్లా ఉంటుంది, అచ్చం మన అరుగు. ఒక ఓట్లా మీద నా వయసే ఉన్న ఒకామె పళ్ళెంలో కూర తరుగుతోంది. వెనక చెక్కడాల స్తంభం, మీద ఏటవాలు ఎండ. ఎప్పటిలాగే ఎత్తాను, నొక్కాను. కదలబోతుంటే ఆమె పిలిచింది.

"నన్ను తీశావా?"

తీశానన్నాను. చూపించమంది. చూసి, "ఇంటిని తీసుకో, నన్ను తీసెయ్" అంది హిందీలో. కోపంగా కాదు, కూరలో పుచ్చు ముక్క ఏరి పారేసినట్టు. ఆమె ఎదుటే తీసేశాను. మొత్తం ప్రయాణంలో కుదిరిన ఒకే ఒక్క వీధి ఫోటో అది. తీసేసింది నిజమేనని చూసుకుని, ఆమె పళ్ళెం పక్కకి జరిపి కూచోమంది. కూచున్నాను. రెండు రోజుల్లో మొదటిసారి ఒక వీధిని కదలకుండా చూశాను. ఎవరెవరు వస్తారో, ఏ గుమ్మం ముందు ఏ పిల్లలు ఆడతారో, ఏ స్కూటరు ఎవరిదో ఆమె చెబుతుంటే విన్నాను.

అంతలో ఒక యాత్రికుల గుంపు సందులోకి వచ్చింది. అందరి కెమెరాలూ మా తలల మీది చెక్కడాల వైపు లేచాయి. అందులో ఒకాయన ముందుకొచ్చి, స్తంభం సరిగ్గా కనబడటం లేదు కాబోలు, మా ఇద్దరినీ కొంచెం పక్కకి జరగమని మర్యాదగానే చేత్తో సైగ చేశాడు. ఆమె పళ్ళెం తీసుకుని లేచింది. నేనూ లేచాను. ఇద్దరం గుమ్మం లోపలికి జరిగి నిలబడ్డాం. ఆయన కాళ్ళు ఎడం చేసి, ఊపిరి బిగబట్టి, తీరుబడిగా తీసుకున్నాడు.

ఆయన వెళ్ళిపోయాకగానీ నాకు తట్టలేదు, అది ఆమె అరుగని. ఆ ఫోటో ఎక్కడో ఉండే ఉంటుంది. అందమైన స్తంభం, సాయంత్రపు ఎండ, ఖాళీ అరుగు.